మోలీ చేపయు మన బావినీరును

వానకై మొగము మొత్తి చూచు సీమలో నీటిని వినోదమునకు వాడుట కొందరికి వింతగా తోచవచ్చును. మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి, హనుమంతునిపాడు - నల్లమల, వెలిగొండల చెంతనున్న ఈ మెట్టప్రాంతమున బిందెడు నీటి విలువ తెలియని ఇల్లు లేదు. అయినను నేడు ఇక్కడి ఇండ్లలోను, అంగళ్ళలోను గాజుతొట్టెలు కనబడుచున్నవి. వానిలో రంగురంగుల చేపలు ఈదుచుండును. ఆ చేపలలో తరచుగా కానవచ్చునది, కాటుక వలె నల్లనిది, పిల్లల అరచేతిలో ఇమిడిపోవునది ఒకటి కలదు. దానిని మోలీ అందురు.

పట్టణముల నుండి తెచ్చిన సుకుమారమైన చేపలు కొన్ని ఇక్కడి నీటిలో నాలుగు నాళ్ళకే డస్సిపోగా, ఈ మోలీ మాత్రము పిల్లలను పెట్టి సంసారము పెంచుకొనుచున్నది. సబ్బు నురగరాని నీరు, పప్పు ఉడుకని నీరు అని మనము విసుగుకొను బావినీటిలోనే అది సుఖముగా నున్నది. ఇది ఎందువలన? ఎక్కడిదీ చేప? మన ఇంటికి ఏ త్రోవను వచ్చినది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు పోయిన కొలది, చేప కథ కాస్తా నీటి కథగా మారుచున్నది. చేపను పెంచుట యనగా నిజమునకు నీటిని పెంచుటయే. ఈ సంగతి తెలిసికొన్నవారికి తమ ఊరి నీటిని గూర్చి కూడ ఒక ఎరుక కలుగును. మా ప్రసంగమునకు ప్రయోజన మదియే.

చేపలను చూచి ఆనందించుట మనవారికి క్రొత్త కాదు. దేవాలయముల కోనేరులలో మెట్ల మీద కూర్చుండి బొరుగులు చల్లుట, చేపలు గుంపుగా వచ్చి నోళ్ళు తెరచుట మనలో చూడనివారు అరుదు. పండ్రెండవ శతాబ్దమున కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసము అను సంస్కృత గ్రంథమున మత్స్యవినోదము అను ప్రకరణమే యొకటి కలదు. అందు చేపల జాతులు, వానికి వేయదగిన మేత, గాలముతో పట్టు విధానము వర్ణింపబడినవి. మన దేశపు మత్స్యశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన సుందర్‌లాల్ హోరా 1951లో ఆ ప్రకరణమును పరిశీలించి, ప్రాచీనుల చేపల జ్ఞానమునకు దానిని నిదర్శనముగా చూపెను.

తెలుగు నాటి చేపలకు శాస్త్రగ్రంథములలో స్థానము కల్పించినవాడు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున ఉండి, అక్కడి చేపలను సేకరించి, బొమ్మలు వ్రాయించి, 1803లో లండనులో రెండు సంపుటములుగా ప్రకటించెను. అందలి చేపలు రెండు వందలు. ఆ గ్రంథమున మనకు ప్రియమైన విశేష మేమనగా, మన జాలరులు పలికిన పేర్లను ఆయన చెవులార విని ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. శాస్త్రజ్ఞునికి చేపను పరిచయము చేసినవాడు జాలరియే గదా! అయితే ఇవన్నియు తమ తమ నీళ్ళలో తాము బ్రతుకు చేపలు. చేపను దాని నీటి నుండి తీసి మన ఇంటి గదిలో బ్రతికించు విద్య వేరు.

ఆ విద్యకు తొలి గురువులు చీనా దేశీయులు. వేయి సంవత్సరములకు పూర్వమే వారు బంగారు చేపలను కొలనులలోను, పిమ్మట కుండలలోను పెంచిరి. గాజుతొట్టె మాత్రము పందొమ్మిదవ శతాబ్దపు సృష్టి. ఫ్రెంచి వనిత జాన్ విల్‌ప్రూ-పవర్ సిసిలీ ద్వీపమున 1832 ప్రాంతమున సముద్రజీవులను పరిశీలించుటకు గాజుతొట్టెలను చేయించెను. 1850లో రాబర్టు వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు చేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒక్క పాత్రలో ఉంచి, ఒకదాని బ్రతుకు మరియొకదాని బ్రతుకునకు ఆధారమగుటను నిరూపించెను. చేప విడిచిన గాలిని మొక్క గ్రహించును. మొక్క విడిచిన ప్రాణవాయువును చేప గ్రహించును. కుళ్ళిన ఆకును నత్త తినును. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకై మత్స్యశాల తెరచిరి. మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన పుస్తకముతో అక్వేరియము అను మాట లోకమున వ్యాపించెను.

మన ప్రాంతము చెన్నరాజధానిలో చేరియున్న రోజులవి. 1909లో చెన్నపట్టణపు సముద్రతీరమున మత్స్యప్రదర్శనశాల వెలసెను. ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలాధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దానికి మూలపురుషుడు. కోర్టు పనులకు, చదువులకు, వైద్యమునకు చెన్నపట్టణము వెళ్ళిన తెలుగువారు గాజు వెనుక ఈదు చేపలను తొలిసారి చూచినది అక్కడనే. ఇంటికి వచ్చి వారు చెప్పిన కథలు ఎంత వింతగా వినబడెనో మనము ఊహించుకొనవచ్చును. తరువాత 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియము ఏర్పడెను. చూచి వచ్చిన ముచ్చట ఇంటి ముచ్చటగా మారుటకు ఎక్కువ కాలము పట్టలేదు.

ఇక మోలీ పుట్టిల్లు ఎక్కడిది? అమెరికా ఖండమున, మెక్సికో సింధుశాఖ చుట్టునున్న తీరములు దాని జన్మస్థానము. దక్షిణ అమెరికా సంయుక్త రాష్ట్రములు మొదలుకొని మెక్సికో, మధ్య అమెరికాల వరకు దాని బంధువర్గము వ్యాపించియున్నది. నదులు సముద్రమున కలియుచోట్ల తీపినీరును ఉప్పునీరును కలిసిమెలిసి యుండును గదా! అట్టి మడుగులలో కొన్ని మోలీ జాతులు బ్రతుకును. మరికొన్ని సున్నపురాతి నేలల మీద ప్రవహించు తీపినీటి వాగులలో ఉండును. రెండు చోట్లను నీటిలో లవణములు మెండు. తరతరములుగా అట్టి నీటికి అలవాటు పడిన శరీరము దానిది. కావుననే మెత్తని వాననీటి కంటె మన గట్టి బావినీరు దానికి పుట్టింటి నీరు వలె ఉండును.

దాని పేరునకు ఒక కథ కలదు. అమెరికాలో కాపురమున్న ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు లెస్యూర్ 1821లో విశాలమైన వీపురెక్క గల ఒక జాతిని వర్ణించి, నెపోలియను కాలపు కోశాగార మంత్రియైన మొలియెన్ ప్రభువు పేర దానికి మొలియెనీషియా అని నామకరణము చేసెను. ఆ దొరగారు ఎన్నడును ఈ చేపను పెంచి యుండరు. ఆయన లెక్కల పుస్తకములు మరుగున పడినవి. పేరు మాత్రము తొట్టెలో ఈదుచున్నది. 1846లో వాలెన్సియెన్ మరియొక జాతిని వర్ణించెను. నేడు మన ఇండ్లలోని మోలీలు చాల వరకు ఇట్టి జాతుల సంకరములే. 1963లో రోజెన్, బెయిలీ అను శాస్త్రజ్ఞులు ఈ వర్గమునంతను పరిశీలించి, మొలియెనీషియాను పొయిసీలియా అను పాత ప్రజాతిలో చేర్చిరి. శాస్త్రమున ఆ పేరు పోయినను, వాడుకలో మోలీ నిలిచినది.

కాటుక నలుపు ప్రకృతి ఇచ్చిన పూర్తి వర్ణము కాదు. అక్కడక్కడ నల్లమచ్చలతో పుట్టిన చేపలను ఏరి, వానిని తమలో తమకే జతపరచి, తరము వెంట తరము ఎన్నిక చేయుచు అమెరికాలోని పెంపకందారులు ఇరువదవ శతాబ్దపు పూర్వభాగమున నిండు నలుపును సాధించిరి. మన రైతు విత్తనమునకు మంచి కంకిని ఏరి ఉంచుకొనుటయు ఇట్టిదియే.

ఈ కుటుంబమున మరియొక వింత కలదు. 1932లో కార్ల్ హబ్స్, లారా హబ్స్ దంపతులు ఒక మోలీ జాతిలో ఆడుచేపలే తప్ప మగచేపలు లేవని ప్రకటించిరి. వెన్నెముక గల జీవులలో అట్టిది కనుగొనబడుట అదియే ప్రథమము. ఆ ఆడుచేపలు పొరుగు జాతి మగచేపలతో జతకట్టును. కాని ఆ మగచేప లక్షణము ఒక్కటియు పిల్లలకు రాదు. పిల్లలన్నియు తల్లికి అచ్చు ప్రతులు. గ్రీకు కథలలోని వీరవనితల పేర దానిని అమెజాన్ మోలీ అనిరి. మనవారు కనుగొని యున్నచో ప్రమీల పేరు పెట్టియుందురేమో!

మోలీ తన చుట్టములతో కలిసి లోకసంచారమునకు బయలుదేరుటకు వినోదము ఒక్కటియే కారణము కాదు. దోమ మరియొక కారణము. ఆ కథ తెలుగు నేల మీదనే ఒక మలుపు తిరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. దోమయే శత్రువని తెలిసిన పిదప, దాని పిల్లపురుగులను నీటిలోనే తిని తీర్చు చేపల కొరకు వెదకులాట మొదలయ్యెను. 1905లో ఆల్విన్ సీల్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని టెక్సాస్ తీరము నుండి హవాయి ద్వీపములకు చేపలను పట్టుకొనిపోయెను. వానిలో గంబూసియాతో పాటు మోలీయు నుండెను. మన దేశమునకు గప్పీ చేప 1908-1910 ప్రాంతమున వచ్చెను. గంబూసియా 1928లో ఇటలీ నుండి వచ్చెను. ఇవి యన్నియు మోలీకి దాయాదులు. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కను చేపలు. మన బావులలోను, కుంటలలోను వానిని విడిచిరి. ఈనాటికిని దోమల నివారణకై గంబూసియాను విడుచుచునే యున్నారు.

ఇట్లు ఎక్కడెక్కడి చేపలో మన నీళ్ళలోనికి వచ్చినవి. ఆ నీళ్ళు ఎట్టివి? ఈ ప్రశ్న ఇంకొక చరిత్రకు ద్వారము. హనుమంతునిపాడు, కనిగిరి పరిసరములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడు వరకు నెల్లూరు జిల్లాలో నుండెను. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలో నుండెను. 1972లో ఒంగోలు జిల్లాకు ప్రకాశము అను పేరు వచ్చెను. జిల్లాలు మారినను నేల అడుగున నున్న రాయి మారదు. ఇక్కడి రాళ్ళలో ఫ్లోరిన్ గల ఖనిజములున్నవి. ఆ రాళ్ళ సందులలో ఏండ్ల తరబడి నిలిచిన నీరు వానిని కొద్దికొద్దిగా కరగించుకొనును. వాన తక్కువ, ఎండ ఎక్కువ యగుటచే లవణములు కొట్టుకొనిపోవు త్రోవ లేదు.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అను నలుగురు వైద్యశాస్త్రజ్ఞులు చెన్నరాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. వారు పరిశీలించినది నాటి నెల్లూరు జిల్లా పల్లెల ప్రజలను. మన దేశమున మనుష్యులలో ఆ వ్యాధి ఎముకలను పట్టుటను వర్ణించిన తొలి రచనలలో అది ముఖ్యమైనది. పిల్లల పండ్ల మీద గోధుమ వన్నె మచ్చలు. పెద్దల కీళ్ళు బిగిసి, నడుము వంగక, మెడ త్రిప్పలేక పోవుట - దీనిని పూర్వజన్మ కర్మమనియో, వాతమనియో తలచినవారికి ఇది నీటివలన వచ్చినదని తెలియుట సామాన్యమైన విషయము కాదు. ఆ షార్ట్ పండితుడే తరువాత 1948లో గార్న్‌హామ్‌తో కలిసి, మలేరియా పరాన్నజీవి మనుష్యుని కాలేయమున దాగియుండు దశను కనుగొనెను. బావినీటిలోని రెండు అపాయములను గూర్చిన చరిత్రలును ఒక్క మనుష్యుని జీవితమున ఇట్లు కలిసికొన్నవి. ఒకటి నీటి పైని దోమపిల్ల. రెండవది నీటిలో కరగిన రాయి. మొదటిదానిని చేప తినగలదు. రెండవదానిని ఏ చేపయు తినలేదు.

కనిగిరికి పడమటనున్న ఒక పల్లెలో మేము చూచిన సంగతి ఇక్కడ చెప్పవలసి యున్నది. ఒక బాలుడు ముచ్చటపడి నాలుగు నల్ల మోలీలను తెచ్చుకొనెను. ఆ ఇంటిలో త్రాగుటకు శుద్ధి యంత్రపు నీటిని డబ్బాలతో కొందురు. తక్కిన పనులకు బోరునీరు. చేపలకును మంచినీరే పోయవలెనని వాడు తలచి, డబ్బానీటితో తొట్టె నింపెను. రెండు దినములకు చేపలు రెక్కలు ముడిచి, ఉన్నచోటనే ఒడలు ఊపుచు వణకసాగెను. ఆ నీటిలోని లవణములన్నియు తీసివేయబడినవని, మోలీకి అవి కావలెనని మేము చెప్పితిమి. కొంచెము కొంచెముగా బోరునీరు కలుపగా రెండు చేపలు తేరుకొన్నవి. మంచము మీద కూర్చున్న ఆ బాలుని అవ్వ అదంతయు చూచుచుండెను. ఆమె నడుము ఏండ్ల క్రిందటనే బిగిసిపోయినది. "ఈ నీళ్ళే గదరా నాయనా మమ్మల్ని ఇట్ల చేసింది. నీ చేపకు ఇవే కావాలంటావా!" అని ఆమె అనెను. ఆ మాటలో కోపము లేదు. ఆశ్చర్యము మాత్రమే యుండెను. మాకు వెంటనే బదులు తోచలేదు.

ఆమె మాటకు బదులుగా శాస్త్రము చెప్పున దిది. నీటి కాఠిన్యము వేరు, ఫ్లోరైడు వేరు. కాల్షియము, మెగ్నీషియము లవణముల వలన కాఠిన్యము కలుగును. దానిని మనము కంటితో కనిపెట్టగలము: సబ్బు నురగరాదు, కందిపప్పు త్వరగా ఉడుకదు, కాగులో తెల్లని పెచ్చు కట్టును. మోలీ కోరునది దీనిని. ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పరీక్షాశాలలో తప్ప తెలియదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకుండుట మేలనియు, వేరు దారి లేనిచోట 1.5 వరకు ఓర్వవచ్చుననియు మన దేశపు ప్రమాణము. ఫ్లోరైడు మిక్కిలిగా నున్న బావులు కొన్నిటిలో సున్నపు పాలు తక్కువగా, చౌడు పాలు ఎక్కువగా నుండును. కావున ఒక బావినీరు గట్టిదని ఫ్లోరైడు కలదనుకొనరాదు; మెత్తనిదని లేదనుకొనరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, తొట్టెలో చేప చక్కగా ఈదుచున్నది గనుక ఆ నీరు మనకును మంచిదని భ్రమపడరాదు. చేప ఆయువు కొన్ని సంవత్సరములు. ఫ్లోరైడు మన ఎముకలలో పేరుకొనుట దశాబ్దముల పని.

నీటిని కాచినచో ఈ దోషము పోవునని తలచువారు కలరు. అది పొరపాటు. కాచుటచే సూక్ష్మజీవులు నశించును. నీరు ఆవిరియై ఫ్లోరైడు మరింత చిక్కనగును. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970లలో రూపొందించిరి. దానికి మన నల్లగొండ పేరే పెట్టిరి. బాధ పొందిన ఊరి పేరు చికిత్సకు నిలిచినది.

ఇప్పుడు తొట్టె సంగతి. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టెలో సుమారు 70 లీటర్ల నీరు పట్టును. ఒక మగచేప, రెండు మూడు ఆడుచేపలు దానికి చాలును. పొట్ట క్రింది వెనుక రెక్క పుల్ల వలె సన్నగా నున్నది మగది. విసనకర్ర వలె నున్నది ఆడుది. ఆడుచేప సుమారు నెల దినముల కొకసారి పిల్లలను పెట్టును; ఒక ఈతలో ఇరువది మొదలు నూరు వరకు నుండవచ్చును. ఒక్కసారి జతకట్టిన పిమ్మట మగతోడు లేకయే కొన్ని నెలల పాటు ఈనగలదు. కావున ఒంటరి చేప పిల్లలను పెట్టినదని అచ్చెరు వందవలసిన పని లేదు. పుట్టిన పిల్లలను తల్లియే మ్రింగును. అవి దాగుటకు నాచును, మొక్కలను దట్టముగా నుంచవలెను. దాగుడు తావులకు మార్కాపురపు పలకరాయి మిక్కిలి అనువైనది. మన తాతలు అక్షరములు దిద్దిన ఆ రాతి ముక్కలను శుభ్రముగా కడిగి, అంచులు అరగదీసి పేర్చినచో, నల్లచేపలు వాని నీడలో చక్కగా తిరుగాడును.

క్రొత్త తొట్టెలో చేపలు చచ్చుటకు ముఖ్యకారణము కంటికి కనబడదు. చేపల మలము నుండి అమ్మోనియా పుట్టును. అది విషము. సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చును. ఈ సూక్ష్మజీవుల కృత్యమును 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. అవి గులకరాళ్ళ మీదను, వడపోత దూది మీదను స్థిరపడుటకు నాలుగైదు వారములు పట్టును. అంతవరకు ఒకటి రెండు చేపలతోనే సరిపెట్టుకొని, మేత మితముగా వేయవలెను. మన గట్టినీరు క్షారగుణము గలది యగుటచే అందు అమ్మోనియా మరింత తీవ్రమగును. మోలీకి మేలు చేయు నీరే, మురికి పట్టినచో త్వరగా కీడు చేయునని గ్రహించవలెను. ఈ చేప నాచును ఇష్టముగా తినును. ఉడికించిన పాలకూర ముక్క వారమున కొకటి రెండుసార్లు వేయుట మంచిది.

ఎండకాలము మన సీమలో పెద్ద పరీక్ష. మోలీకి 24 మొదలు 28 డిగ్రీల వేడి హితము. నీరు కాగిన కొలది అందలి ప్రాణవాయువు తగ్గును. తొట్టెను కిటికీ ఎండకు దూరముగా నుంచి, నీటి మీదకి పంకా గాలి తగులునట్లు చేయవలెను. గాలి తగిలినపుడు నీరు ఆవిరియగును, చల్లబడును. కాని ఇక్కడ ఒక మెలకువ కలదు. ఆవిరియగునది నీరు మాత్రమే. లవణములు తొట్టెలోనే మిగులును. తరిగిన కొలది మరల బోరునీరే పోయుచున్నచో, లవణము మీద లవణము చేరి మోలీకి సైతము మితిమీరును. కావున ఆవిరియైన భాగమునకు వాననీరుగాని, శుద్ధి యంత్రపు నీరుగాని పోయవలెను. వారమున కొకసారి తొట్టెలోని నీటిలో నాలుగవ వంతు తీసివేసి, దాని స్థానమున బావినీరు నింపవలెను. పైన చెప్పిన బాలుడు ఇప్పుడు డబ్బానీటిని ఇట్లే వాడుచున్నాడు. కొళాయినీటిలో క్లోరిన్ కలిపియున్నచో ఒక రాత్రి వెడల్పు పాత్రలో నిలువయుంచి పిదప పోయవలెను. తీసివేసిన నీరు మొక్కలకు మంచి ఎరువు. మెట్టసీమలో దానిని వ్యర్థము చేయనేల?

పిల్లలు పెరిగి తొట్టె చాలకున్నప్పుడు కొందరు దయతలచి చేపలను చెరువులోనో, వాగులోనో విడుతురు. ఇది దయ కాదు. హవాయి, సింగపూరు, ఫిలిప్పీన్సు దేశములలో విడువబడిన మోలీలు అక్కడి నీళ్ళలో స్థిరపడినవి. దోమల కొరకు లోకమంతటను చల్లిన గంబూసియా నేడు ప్రపంచమున అతిహానికరమైన నూరు ఆగంతుక జీవులలో ఒకటిగా లెక్కింపబడుచున్నది. అది దోమపిల్లలతో పాటు స్థానిక చేపల గ్రుడ్లను, కప్పపిల్లలను తినును. మన గుండ్లకమ్మకు, రెండు కొండల నడుమ కట్టిన పురాతనమైన కంభము చెరువునకు తమ చేపలు తమకున్నవి. అధికమైన పిల్లలను తోటి పెంపకందారులకు ఇచ్చుటయో, అంగడివానికి తిరిగి ఇచ్చుటయో తగిన పని.

రెండు వందల సంవత్సరముల క్రిందట ఒక ఫ్రెంచి పండితుడు పేరు పెట్టిన చేప హనుమంతునిపాటి ఇంటి మూలలో ఈదుచున్నది. దాని వలన మనము నేర్చుకొనదగిన పాఠ మొక్కటి కలదు. మంచినీరు అనునది అందరికి ఒక్కటి కాదు. ఎవరి శరీరమునకు ఏ నీరు హితమో తెలిసికొనుటకు పరీక్ష తప్ప వేరు మార్గము లేదు. తొట్టెలోని నాలుగు చేపల కొరకు నీటిని పరీక్షించు శ్రద్ధ కలవారు, తమ పిల్లలు త్రాగు నీటిని పరీక్షింపించుటకు వెనుదీయరని మా నమ్మకము. ఒక సీసాలో మీ బావినీరు పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాశాలకు పంపుడు. వచ్చిన లెక్కను ఇంటి గోడ మీద వ్రాసి ఉంచుడు. ఏడాదికొకసారి మరల పరీక్షింపించుడు. నీటిమట్టము దిగిన కొలది నీటి గుణము మారవచ్చును.

ఆ అవ్వ ప్రశ్నకు మేము ఆనాడు చెప్పలేని బదులు ఇదియే. "అవును తల్లీ, ఆ చేపకు ఈ నీరే కావలెను. నీ మనుమనికి మాత్రము వద్దు." ఈ రెండును తెలిసి, రెండు పాత్రలలో రెండు నీళ్ళను వేరుగా ఉంచుకొను ఇల్లు మన సీమలో ప్రతి ఊరను ఉండవలెనని మా కోరిక.